జవాబు ఆరు అని రాసిన పిల్లలు

స్టాటిస్టిక్స్ కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అందరిదీ ఒకటే గోడు. "సార్, సూత్రాలన్నీ నోటికొస్తయ్. ఏ లెక్కకు ఏ సూత్రమో తెలుస్తలేదు." వాళ్లకు నేను ఇంకో సూత్రం చెప్పను. మిర్చి బజ్జీలు తెప్పించి ఈ కథ చెబుతాను. బజ్జీలు అయిపోయినా కథ అయ్యేదాకా ఎవరినీ లేవనివ్వను. ఈసారి మీ వంతు వచ్చింది, బజ్జీలు మాత్రం మీరే తెప్పించుకోవాలి.

నేను జనగామలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. పరీక్షలు అయ్యాక పేపర్లు దిద్దే క్యాంపు పెడతారు. దాన్ని మేము 'స్పాట్' అంటాం. చుట్టుపక్కల జిల్లాల లెక్చరర్లమందరం ఒక పెద్ద హాల్లో కూర్చొని, కట్టలు కట్టలుగా వచ్చే జవాబు పత్రాలు దిద్దాలి. చేతిలో ఎర్ర పెన్ను, ముందు 'కీ', పక్కన చాయ్. కీ అంటే సరైన జవాబుల పట్టిక, పేపరు తయారు చేసిన వాళ్లే దాన్ని కూడా పంపుతారు. ఆ పనిలో సగం సుఖం పాత దోస్తులను కలవడమే. ఎవరి బీపీ ఎంత, ఎవరి బిడ్డ పెళ్లి ఎక్కడిదాకా వచ్చింది, ఎవరు ఏ ఊరికి ట్రాన్స్‌ఫర్ తప్పించుకున్నారు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

ఆ ఏడు స్పాట్ జనగామలోనే పెట్టారు. స్టాటిస్టిక్స్ టేబుల్‌కు నేను పెద్దను. నా కుడి పక్కన మహబూబాబాద్ నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన కూర్చునేవాడు. ఆ ఊరిని ఎన్నడూ మహబూబాబాద్ అని అనడు, మానుకోట అనే అంటాడు కాబట్టి మేము ఆయన్ను మానుకోట సార్ అని పిలిచేవాళ్లం. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. మనసు వెన్న. కానీ ఎక్కడైనా కాపీ వాసన తగిలిందంటే ఇక ఆయనకు అన్నం సహించదు.

ఆ సంవత్సరం పేపర్లో ఒక ప్రశ్న మా అందరికీ నచ్చింది. తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడి అని ఐదు రకాల పూలు ఇచ్చి, ఒక్కో రకాన్ని ఒక్కో వరుసగా పేర్చితే బతుకమ్మను ఎన్ని విధాలుగా పేర్చవచ్చు అని అడిగారు. ఎన్నేళ్లని పిల్లలకు పేకముక్కలు, రంగు బంతుల సంచులు చూపిస్తాం? మన పండుగ పేపర్లోకి వచ్చిందని టేబుల్ అంతా మురిసిపోయింది. కీలో జవాబు నూట ఇరవై. కింది వరుసకు ఐదు పూలలో ఏదైనా పెట్టొచ్చు, దాని మీదికి మిగిలిన నాలుగింటిలో ఒకటి, ఆపైన మూడింటిలో ఒకటి. అట్లా ఐదును నాలుగుతో, మూడుతో, రెండుతో గుణించుకుంటూ పోతే నూట ఇరవై. చాలా సులువైన లెక్క.

ఒకరోజు చాయ్ వచ్చే వేళకు మానుకోట సార్ బల్ల మీద చరిచాడు. నా గ్లాసు తొణికింది.

"దొరికిన్రే అన్నా! కట్టకు కట్ట దొరికిన్రు!"

ఆయన దిద్దుతున్న కట్టలో దాదాపు అందరూ ఆ ప్రశ్నకు ఆరు అని రాశారు. నూట ఇరవై ఎక్కడ, ఆరు ఎక్కడ! తప్పు రాస్తే రాశారు, అందరూ అదే తప్పు ఎట్లా రాస్తారని ఆయన ప్రశ్న. ఊరికే ప్రశ్నతో ఆగితే ఆయన మానుకోట సార్ ఎందుకవుతాడు? లేచి బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క అందుకున్నాడు. ఒక స్టూడెంటు పొరపాటున సరిగ్గా ఆరు అనే తప్పు రాయడానికి పదింట ఒక వంతు అవకాశం ఉంది అనుకుందాం అన్నాడు. ఇద్దరు రాయడానికి వందలో ఒక వంతు. ముగ్గురికి వెయ్యిలో ఒక వంతు. అట్లా కట్టలోని పిల్లలందరికీ గుణించుకుంటూ పోతే బోర్డు చివరిదాకా సున్నాలే వచ్చాయి. గోడ మీద కూడా రాసేవాడేమో, అటెండరు అడ్డం వచ్చాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను, అంత అందమైన సున్నాల వరుసను చూసి కొట్టకుండా ఎట్లా ఉంటాను?

రిపోర్టు పోయింది. పత్రాల మీద కాలేజీ పేరుకు బదులు ఉండే కోడ్‌ను క్యాంపు ఆఫీసులో విప్పి చూస్తే ఆ కట్ట భూపాలపల్లి వైపు ఉన్న ఒక ఆడపిల్లల కాలేజీది. అక్కడ స్టాటిస్టిక్స్ చెప్పేది ఒక్కతే, చెల్పూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక గెస్ట్ లెక్చరర్. గెస్ట్ అంటే ఏడాదికోసారి పొడిగిస్తేనే ఉండే ఉద్యోగం. పరీక్ష రోజున ప్రశ్నపత్రంలో ఒక పట్టిక సరిగ్గా అచ్చు కాలేదని, వచ్చి చూడమని ఆమెను హాల్లోకి పిలిచారట. ఇంకేముంది, ఆమే లోపలికి పోయి జవాబు చెప్పిందని అనుమానం పుట్టింది. పిల్లల ఫలితాలు ఆపారు. విచారణ అయ్యేదాకా ఆమె పొడిగింపు కాగితాన్ని కూడా పక్కన పెట్టారు. విచారణలో తప్పు తేలితే ఆమె ఉద్యోగం పోయినట్టే. అంతేకాదు, కాపీ చేయించిందన్న పేరు పడితే ఇంకో కాలేజీ గేటు కూడా తెరుచుకోదు.

నాకు మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. పిల్లలు తప్పు రాస్తే ఇరవై నాలుగు రాస్తారు, ఇరవై ఐదు రాస్తారు, ఐదును ఐదుతో కలిపి పది అని కూడా రాస్తారు. ముప్పై ఏళ్లుగా ఎన్ని తప్పులు చూడలేదు! ఈ ఆరు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సాయంత్రం మా ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చొని ప్రశ్న చదివి వినిపించాను.

"ఇగో, ఈ ఐదు పూలను ఎట్లంటే అట్ల పెట్టొచ్చు. ఎన్ని రకాలుగ పేర్చొచ్చు చెప్పు?"

"ఎట్లంటే అట్ల ఎందుకు పెడ్తరు?"

"లెక్క కోసం అనుకో."

"లెక్క కోసం గుమ్మడి పువ్వు తీస్కపోయి నడుమల పెడ్తవా? మరి గౌరమ్మను యాడ కూసోబెడ్తవ్, నీ నెత్తి మీదనా?" అంది ఆవిడ. "కింద తంగేడు, మీద గుమ్మడి. గీ పాటి తెల్వదా నీకు? ఇన్నేండ్ల సంది పూలు తెచ్చుడే గని, ఒక్కనాడన్న పక్కన కూసోని పేర్చినవా?"

మీలో బతుకమ్మ పేర్చని వాళ్లుంటే వాళ్ల కోసం చెబుతాను. చాలా ఇళ్లలో తాంబాలంలో అడుగున తంగేడు పెడతారు. అన్నిటికన్నా పైన గుమ్మడి పువ్వు పెట్టి దాని మీద పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. అంటే కింది వరుస, పై వరుస ఖాయం. నడుమ మిగిలేది మూడు రకాలే. మూడింటిని అటూ ఇటూ మార్చితే మూడు రెళ్లు ఆరు. నాకు లేచి చిందు వేయాలనిపించింది. ఆవిడ చిక్కుడుకాయలు నా చేతికిచ్చి లోపలికి పోయింది.

మర్నాడు ఆ సంగతి చెబితే మానుకోట సార్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

"మంచిగనే ఉన్నదన్నా. మరి నీ పిల్లలు బతుకమ్మ ఆడరా? నా పిల్లలు ఆడరా? మిగిలిన కట్టలన్నిట్ల నూట ఇరవయ్యే ఉన్నది. గా భూపాలపల్లి పిల్లలకే గౌరమ్మ ఎందుకు యాదికొచ్చింది? ఎవరో చెప్పిన్రు గనకనే."

నిజంగా మంచి ప్రశ్న. ఆయన లెక్కను తప్పు అంటున్నాను కానీ, ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపించలేకపోతున్నాను. ముగ్గురు సభ్యులతో విచారణ కమిటీ వేసి, స్టాటిస్టిక్స్ తెలిసినవాడినని నన్ను అందులో పెట్టారు. ఫిర్యాదు చేసినవాడిగా మానుకోట సార్ కూడా రావాలి.

విచారణ జనగామలోనే, అదే కాలేజీలో ఒక గదిలో జరిగింది. భూపాలపల్లి నుంచి పిల్లలు పొద్దున్నే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చారు. ఆడపిల్లలను ఒంటరిగా పంపుతారా, తల్లులు కూడా వెంట వచ్చారు. వరండా అంతా టిఫిన్ డబ్బాలు, చేతిసంచులు, కళ్లనీళ్లు. ఒక మూలన గెస్ట్ మేడం నిలబడి ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆమె కన్నా ఆమె చేతిలోని సంచే గట్టిగా నిలబడ్డట్టుంది. నేను పక్కకు పిలిచి అడిగాను.

"అమ్మా, నువ్వు వీళ్లకు బతుకమ్మ లెక్క ఎప్పుడన్నా చెప్పినవా?"

"లేదు సార్. ఒట్టు. ఒక్కటే చెప్తుంట. లెక్క సదవంగనే సూత్రం రాయొద్దు, ముందుగాల ఆ వస్తువును చేతుల పట్టుకొని సూడుండ్రి అని. ఆటోల ఆరుగురు ఎన్ని రకాలుగ కూసుంటరు అని లెక్క ఇస్తే, ముందు డ్రైవర్ ఎవరో అడగమంట. డ్రైవింగు రానోన్ని డ్రైవర్ సీట్ల కూసోబెడ్తమా సార్?"

అప్పుడు నాకు తప్పు ఎక్కడుందో కనిపించింది. పిల్లలూ, ఇది జాగ్రత్తగా వినండి, పరీక్షలో వస్తుంది, బతుకులో కూడా వస్తుంది. అవకాశాలను గుణించాలంటే ఒకరు చేసిన దానికీ ఇంకొకరు చేసిన దానికీ సంబంధం ఉండకూడదు. వాన పడితే బజారులో అందరూ ఒకేసారి గొడుగులు విప్పుతారు. ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టారని కేసు పెడతామా? అందరి మీదా పడింది ఒకే వాన. ఈ పిల్లల మీద పడింది ఒకే పంతులమ్మ. అసలు మాట ఇంకొకటి ఉంది. నా పిల్లలు కట్టకు కట్ట నూట ఇరవై రాశారు, వాళ్ల మీద పడింది నేను. అది కీలో ఉన్న జవాబు కాబట్టి ఎవరూ సుద్దముక్క పట్టుకోలేదు.

కానీ ఇది నాకు తెలిస్తే సరిపోదు, కమిటీ నమ్మాలి. కమిటీకి పెద్ద ఒక రిటైర్డ్ ప్రొఫెసరు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నెమ్మదస్తుడు, న్యాయం తప్పని మనిషి. ఇంకొకరు జనగామలోనే ఫిజిక్స్ చెప్పే మేడం.

పెద్దాయన మొదటి పిల్లను పిలిచి అడిగాడు.

"భయపడకుండా చెప్పమ్మా. ఈ ఆరు నీకు ఎలా వచ్చింది?"

"కింద తంగేడు పెడ్తం సార్. పైన గుమ్మడి పువ్వు. నడుమ మూడు మిగుల్తయ్. గవే మార్చి మార్చి పెడితే ఆరు."

"అలా పెట్టాలని ప్రశ్నలో లేదు కదమ్మా?"

"పండుగల ఉన్నది గద సార్."

నేను మీసాల్లో నవ్వుకున్నాను. కానీ రెండో పిల్ల వచ్చి అదే చెప్పింది. మూడో పిల్ల కూడా అక్షరం పొల్లుపోకుండా అదే. పెద్దాయన మొహంలో రంగు మారింది. మానుకోట సార్ నా చెవిలో "సూసినవా అన్నా, మంచిగ బట్టీ కొట్టిచ్చి తెచ్చింది" అన్నాడు. పెద్దాయన నా వైపు వంగి, "మీరన్నట్టు ఆలోచించే రాసి ఉండొచ్చండీ. కానీ ఇంతమందీ ఒకేలా ఆలోచిస్తారా? ఎవరో చెప్పారనే అనిపిస్తోంది" అన్నాడు. గుమ్మం బయట గెస్ట్ మేడం తల దించుకుంది. వానా గొడుగుల ముచ్చట చెప్పి చూశాను. ఆయన విన్నాడు, కానీ కరగలేదు.

ఆరు కాకుండా వేరే జవాబులు రాసిన పిల్లలు ఆ కట్టలో కొద్దిమంది ఉన్నారు. వాళ్లను కూడా పిలవమన్నాను. "గవి కాపీ కొట్టుడు చాతగాక తప్పు వడ్డయ్ అన్నా" అన్నాడు మానుకోట సార్. అయినా సరే పిలవండి అని పట్టుబట్టాను.

పన్నెండు రాసిన పిల్ల వచ్చింది. సన్నగా, గొంతు మాత్రం గంటలా ఉంది.

"మా ఇంట్ల పైన గుమ్మడి పువ్వే సార్. కింద తంగేడన్న పెడ్తం, గునుగన్న పెడ్తం. రెండు రకాలు. దాని మీద మిగిలిన మూడు ఆరు రకాలు. రెండార్లు పన్నెండు."

కిటికీలోంచి ఒక గొంతు దూసుకొచ్చింది. మొదటి పిల్ల తల్లి.

"గునుగు కింద ఎవరు పెడ్తరే పిల్లా? ఏడనన్న సూసినవా?"

పన్నెండు పిల్ల తల్లి పక్క కిటికీలో ప్రత్యక్షమైంది. "మేం పెడ్తం! మా అత్తగారింట్ల అట్లనే పెడ్తరు. గునుగైతే గట్టిగ నిలవడ్తది. మీ తంగేడు చెరువుకాడికి పోయేదాకనన్న ఉంటదా?"

"ఉండక ఏమైతది? కట్టుడు రావాలె గని!"

"అమ్మా, మీరు కొంచెం..." అన్నాడు పెద్దాయన. ఎవరు వింటారు? ఇరవై నాలుగు రాసిన పిల్ల పిలవకముందే లోపలికి వచ్చేసింది. "సార్, మా ఊర్ల గుమ్మడి పువ్వు దొరకకపోతే బంతిపువ్వు మీదనే గౌరమ్మను పెడ్తం. పైన ఏదైనా నడుస్తది. కింద తంగేడు ఒక్కటే ఖాయం. గందుకే నాలుగు పూలను మార్చిన, ఇరవై నాలుగొచ్చింది." దానికి మొదటి పిల్ల "బంతిపువ్వు మీద గౌరమ్మనా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. ఫిజిక్స్ మేడం ఇంతసేపూ కాగితాలు చూస్తున్నది కాస్తా కళ్లద్దాలు తీసి, "బంతి మీద పెట్టొచ్చు, మేము కూడా పెడతాం" అనేసింది. గది రెండుగా చీలింది. కాదు, మూడుగా చీలింది. నూట ఇరవై రాసిన పిల్ల ఒక్కతి ఆ కట్టలో ఉంది, ఆమె మాత్రం తలుపు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడి, "మేం ఒడిశా నుంచి వచ్చినం సార్, మా ఇంట్ల పేర్చరు. నాకు తెల్వక అన్ని తీర్ల పెట్టిన" అని క్షమాపణలా చెప్పింది.

అప్పుడు జరిగింది అసలు సంగతి. గునుగు పక్షం గొంతు పెరిగేసరికి మానుకోట సార్ ఇక ఆగలేకపోయాడు. కుర్చీలోంచి లేచి, స్పాట్‌లో చరిచినట్టే బల్ల చరిచాడు.

"ఏందమ్మా మీ లొల్లి? గునుగు కింద ఏంది, బంతి మీద గౌరమ్మేంది! కింద తంగేడు, పైన గుమ్మడి. గంతే! ఇంకో మాట లేదు!"

పెద్దాయన కలం మూసి ఆయన వైపు తిరిగాడు.

"అయితే మీ లెక్క ప్రకారం ఆరే కదండీ?"

"ఆరే సార్! కాకపోతే ఇంకెంత?"

"మరి మీకెవరు చెప్పారండీ?"

"నాకు ఎవరన్న చెప్పాల్నా సార్, చిన్నప్పటి సంది మా అవ్వ..." అని మానుకోట సార్ ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. ఆ భారీ మొహం మీదికి నవ్వు ఎక్కడి నుంచో మెల్లగా ఎక్కి వచ్చింది. ముందు ఆయనే నవ్వాడు. తర్వాత కిటికీలు నవ్వాయి, వరండా నవ్వింది, పెద్దాయన పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క గెస్ట్ మేడం మాత్రం ఏడ్చింది. మానుకోట సార్ ఆమె దగ్గరికి పోయి, "బిడ్డా, పదింట ఒక వంతు అని నేనే అనుకున్న. నన్నెవరన్న అడిగిన్రా, యాడికెల్లి తెచ్చినవని?" అన్నాడు. ఆ మాట అనడానికి పెద్ద మనసు కావాలి. ఆయనకు ఉంది.

తర్వాత పని చకచకా అయిపోయింది. ఎవరో చెప్పి రాయించి ఉంటే అందరిదీ ఒకే జవాబు ఉండేది, ఇట్లా ఇంటికొక జవాబు ఉండేది కాదు, తల్లులు కిటికీలు పట్టుకొని కొట్లాడేవాళ్లూ కాదు అని పెద్దాయన తీర్మానించాడు. ఫలితాలు విడుదల చేయాలని, లెక్చరర్ మీద ఫిర్యాదు కొట్టివేయాలని, ఆమె పొడిగింపును ఆపవద్దని రాశాడు. కారణం చూపించిన ప్రతి పిల్లకూ పూర్తి మార్కులు వేయమన్నాడు. మానుకోట సార్ అన్నిటి కింద అందరికన్నా పెద్దగా సంతకం పెట్టాడు. మంచినీళ్లు తాగి తేరుకున్న గెస్ట్ మేడంను కూడా సంతకం కోసం లోపలికి పిలిచారు.

ఇక ఒక్క గడి మిగిలింది. కీని సవరించాలంటే సరైన జవాబు ఎంతో ఫైల్లో రాయాలి. పెద్దాయన నా వైపు చూశాడు, నేను మానుకోట సార్ వైపు చూశాను, ఆయన కిటికీల వైపు చూసి నోరు మూసుకున్నాడు. పెద్దాయన నవ్వి, కలం తెరిచి, గెస్ట్ మేడంను అడిగాడు.

"మీరే చెప్పండమ్మా. ఈ లెక్కకు సరైన జవాబు ఎంత?"

ఆమె కళ్లు తుడుచుకొని, క్లాసులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది.

"ఎవరింట్ల సార్?"